యజమాని లేని పేజీలు

ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఈ సంగతులు రాయలేకపోయాను. అక్షరాలు నాకు నలభై దాటాక వచ్చాయి. వచ్చినవన్నీ ఆఫీసు పనికే సరిపోయాయి. పొద్దంతా ప్రవేశాలు, పరీక్షలు, హాస్టల్ నియమాలు చదివి, పొడుగు వాక్యాలను ముక్కలు చేసి ఇంటికి వస్తే, మళ్ళీ కాగితం ముందు కూర్చోవడానికి వేళ్ళు ఒప్పుకునేవి కావు. పైగా నాకు వచ్చిన తెలుగు ఆఫీసు తెలుగు. అందులో నా మాట ఎక్కడ మొదలుపెట్టాలో తెలిసేది కాదు.

ఈ మధ్య మా విశ్వవిద్యాలయం వెబ్ విభాగంలో కొత్తగా చేరిన ఇద్దరు అమ్మాయిలు నాచారంలో మా ఇంటికి వచ్చారు. చాయ్ తాగుతూ అందులో ఒకామె అడిగింది. "అమ్మా, మాకు రూల్స్ పుస్తకం ఇచ్చిన్రు. గట్ల జెయ్యాలె, గిట్ల జెయ్యొద్దు అని ఉన్నది గని, ఎందుకనేది ఏడ లేదు."

ఆ ఎందుకు అన్నదాని కోసమే ఇది రాస్తున్నాను.

ఆ గదికి చేరిన దారి

పెళ్ళయ్యాక జనగామ వైపు నుంచి నాచారం వచ్చాం. మా ఆయన పారిశ్రామికవాడలో మెషిన్ మీద పనిచేసేవాడు. నేను బిస్కెట్లు ప్యాక్ చేసేదాన్ని. ఆ కంపెనీ మూతపడ్డాక ఉప్పల్ దగ్గర ఒక విశ్వవిద్యాలయంలో అటెండర్‌గా కుదిరాను. దాని పేరు ఇక్కడ అవసరం లేదు. మొదట ఎంక్వైరీ కిటికీ దగ్గర వేశారు. ఎవరు ఏ గదికి వెళ్ళాలో చూపించేదాన్ని. చేతిలో కాగితం పెట్టి "ఇది ఎక్కడ ఇయ్యాలె అక్కా" అని అడిగితే మాత్రం పక్కనున్న గుమాస్తా వైపు చూసేదాన్ని.

మా వీధి చర్చిలో గ్రేస్ టీచరమ్మ సాయంత్రాలు పెద్దవాళ్ళకు చదువు చెప్పేది. మేం ఆ చర్చికి వెళ్ళేవాళ్ళం కాదు. ఆమె ఆ సంగతి ఎప్పుడూ అడగలేదు. తెలుగు అక్కడ వచ్చింది. తర్వాత ఓపెన్ స్కూల్లో పదో తరగతి రాశాను. ఇంగ్లీషు అక్షరాలు మాత్రం కీబోర్డు మీద నేర్చుకున్నాను. అందుకే ఇప్పటికీ ఎవరైనా అడిగితే నా నోట ఏ తర్వాత ఎస్ వస్తుంది.

పది పాసయ్యాక లైబ్రరీ పైనున్న వెబ్ విభాగానికి మార్చారు. అప్పటికి నా పని కంప్యూటర్ల దుమ్ము తుడవడం, ఫైళ్ళు మోయడం.

మేడమ్ రాకముందు

అప్పట్లో మా వెబ్‌సైట్ ఎలా ఉండేదో ఇప్పటివాళ్ళకు చెబితే నవ్వుతారు. ఏ శాఖ పేజీలు ఆ శాఖ వాళ్ళే చేసుకునేవాళ్ళు. వృక్షశాస్త్రం వాళ్ళ పేజీ తెరిస్తే పైనుంచి పూలు రాలేవి. అవి రాలడం అయ్యేదాకా కోర్సుల పేర్లు కనపడేవి కావు. ఇంకో శాఖ పేజీలో వాళ్ళ పెద్ద ప్రొఫెసరుగారి శాలువా ఫొటో తెర నిండా ఉండేది. నోటీసులన్నీ వంకరగా స్కాన్ చేసిన కాగితాలు, మీద రబ్బరు స్టాంపుతో సహా. పరీక్షల విభాగానికి ఒక్కో పేజీలో ఒక్కో పేరు. ఒక విద్యార్థి అవి వేర్వేరు ఆఫీసులనుకుని ఆవరణంతా తిరిగాడు.

అప్పటి మా పెద్దసారుకు కదిలేవంటే ఇష్టం. ముందుపేజీ మీద ఫొటోలు జరుగుతూ ఉండాలి, అక్షరాలు మెరుస్తూ ఉండాలి. మంచి మనిషి. మౌస్ పట్టుకోవడం నాకు నేర్పింది ఆయనే. కానీ ఆయన ఉద్యోగకాలమంతా ముందుపేజీ మీద ఎవరి ఫొటో ముందు రావాలనే పంచాయతీలోనే గడిచిపోయింది. కొత్తగా చేరేవాళ్ళకు నా మాట ఇది. ముందుపేజీ కొట్లాటలో మీ శక్తి పెట్టకండి. పెద్ద అధికారులు తప్ప దాన్ని ఎవరూ అంతసేపు చూడరు. వచ్చినవాళ్ళు ఒక ప్రశ్నతో వస్తారు, లోపలి పేజీకే పోతారు.

ఆయన తర్వాత సుధామణి మేడమ్ వచ్చారు. వరంగల్ మనిషి, ఇంజినీరు. వచ్చిన మొదటి నెలలో కొత్త పేజీ ఒక్కటి కూడా చేయలేదు. ఉన్నవన్నీ చదివారు. తర్వాత నియమాలు రాయడం మొదలుపెట్టారు. ఒక ఆఫీసుకు ఒకే పేరు. నోటీసు అక్షరాల్లో ఉండాలి, ఫొటోగా కాదు. తెలుగు పేజీ, ఇంగ్లీషు పేజీ ఒకే సంగతి చెప్పాలి. ప్రతి పేజీకీ ఒక యజమాని ఉండాలి, అంటే అందులో ఉన్నది నిజమని అప్పుడప్పుడూ చూసి ఒప్పుకునే మనిషి.

పుస్తకంలో లేని అలవాటు ఇంకొకటి ఉండేది. కొత్త పేజీ తయారైతే మధ్యాహ్నం ఎండలో ఉప్పల్ చౌరస్తా బస్టాపుకు నడిచి వెళ్ళేవాళ్ళం. మేడమ్, పేజీల రూపం చూసే ప్రశాంత్, నేను. గీతలు పడ్డ ఒక పాత ఫోన్‌లో ఆ పేజీ తెరిచి చూడాలి. లేత బూడిద రంగు అక్షరాలంటే ప్రశాంత్‌కు ప్రాణం. ఆ ఎండలో అవి కనపడేవి కావు.

"మేడమ్, డిజైన్ ఏసీ రూముల మస్తుగుండె," అనేవాడు.

"పిల్లలు ఏసీ రూముల కూసోని సూస్తరా? బస్సు కోసం నిలబడి సూస్తరు. నలుపు జెయ్యి."

మేం దాన్ని ఎండ పరీక్ష అనేవాళ్ళం. అందులో గట్టెక్కని రంగు మా వెబ్‌సైట్‌లో ఉండేది కాదు.

చదివే పని

ఒకరోజు మేడమ్ నన్ను పిలిచి కుర్చీ చూపించారు. హాస్టల్ ప్రవేశాల పేజీ పైకి చదవమన్నారు. చదివాను. మూడో వాక్యంలో ఊపిరి చాలక ఆగాను. అక్కడ గీత పెట్టుకున్నారు. చదివినదాంట్లో ఏం అర్థమైందో చెప్పమన్నారు. సగం చెప్పగలిగాను.

"రోజూ గిట్లనే చదువు యాదమ్మ. నీకు అర్థమైతే ఇగ అందరికైతది."

నాకు కోపం వచ్చింది. "అంటే మేడమ్, ఈ ఆఫీసుల నాకంటె మొద్దుటోళ్ళు లేరనా?"

ప్రశాంత్ తల దించుకుని నవ్వాపుకున్నాడు. మేడమ్ నవ్వలేదు. "కాదు. మేము ఈ పన్లనే ఉండి ఉండి అలవాటు పడ్డం. మాకు తప్పు కండ్లకు ఆనుతలేదు. నువ్వు కొత్తగ సదువుతున్నవ్, నీకు ఆనుతది. నాకు వరి పొలం గురించి రాసిస్తే నేనూ గట్లనే ఆగుత."

ఆ మాటతో కోపం కొంత తగ్గింది, పూర్తిగా పోలేదు. కానీ పని నచ్చింది. రెండేళ్ళు పోయాక నా పేరు పక్కన అటెండర్ అన్న మాట పోయి కంటెంట్ సహాయకురాలు అని వచ్చింది. ఆ రెండేళ్ళలో ఇంకొకటి కూడా జరిగింది. నాకూ అలవాటైపోయింది. దరఖాస్తు, ధ్రువీకరణ, సమర్పించు అన్న మాటలు నా గొంతులోంచి ఆగకుండా దొర్లేవి. వాటి దగ్గర గీత పెట్టడం మానేశాను. ఈ పనిలో ఎవరి కళ్ళయినా కొంతకాలమే కొత్తవి. తర్వాత వేరేవాళ్ళ కళ్ళు కావాలి. ఇది నాకు ఎలా తెలిసిందో ఇక చెబుతాను.

ఊడ్చేశాం

యజమాని నియమం రాశాక మేడమ్ అన్ని శాఖలకూ సమాచారం పంపారు. మీ పేజీలు చూసుకుని, ఏది ఎవరిదో చెప్పండి. గడువులోగా ఎవరూ నాది అనని పేజీని తీసేస్తాం. గడువు అయిపోయింది. వెబ్‌సైట్‌లో దాదాపు సగం పేజీలకు యజమాని లేడు. ఎప్పుడో అయిపోయిన సదస్సులు, బదిలీ అయిన అధికారుల సందేశాలు, మూసేసిన కోర్సులు. ప్రశాంత్ ఒక డిస్కులో కాపీ పెట్టి అన్నిటినీ తీసేశాడు.

ఆరోజు మాకు పండగలా ఉంది. వెతికితే దొరుకుతోంది, తెరిస్తే తొందరగా తెరుచుకుంటోంది. రిజిస్ట్రార్ గారు పైకి వచ్చి మెచ్చుకున్నారు. ఆ మెప్పు న్యాయమైనదే. ఇప్పటికీ అదే చెబుతాను, యజమాని లేని పేజీ ప్రమాదం. కానీ మేం ముగ్గురమూ, మెచ్చుకున్న రిజిస్ట్రార్ గారూ ఒకే వైపు చూశాం. రాబోయే విద్యార్థి వైపు. వెళ్ళిపోయినవాళ్ళు కూడా మా దగ్గరికి వస్తారని ఎవరికీ తోచలేదు.

సునీత

ఒక శుక్రవారం మధ్యాహ్నం ఎంక్వైరీ నుంచి ఒకామెను మా గదికి పంపారు. ముప్పై దాటిన మనిషి. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో సర్టిఫికెట్. పేరు సునీత అని, చర్లపల్లిలో ఒక ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో పనిచేస్తున్నానని చెప్పింది.

"అక్కా, మీ వెబ్‌సైట్ల మా కోర్సు కనిపిస్తలేదు."

"ఏ కోర్సమ్మా?"

"పోషకాహారం డిప్లొమా. ఈడనే చదివిన. ఆస్పత్రి వంటింట్ల ట్రైనింగ్ గూడ అయింది."

కూర్చోమన్నాను. కూర్చోకుండానే చెప్పింది. ఒక వసతి పాఠశాలలో పిల్లల భోజనం చూసే ఉద్యోగానికి ఎంపికయింది. కాగితాలు సరిచూసే అధికారి కంప్యూటర్‌లో మా వెబ్‌సైట్ తెరిచాడు. ఆ కోర్సు లేదు.

"ఏడ కొట్టించినవమ్మా ఇది అన్నడక్కా. అందరి ముంగట. మా పాస్టరమ్మ గూడ పక్కన్నే ఉన్నది, తోడొచ్చింది."

"యూనివర్సిటీల ఉత్తరం రాయించుకొని పోకపోయినవా?"

"గదీ అడిగిన. నువ్వు తెస్తే నడవదు, మేమే రాసి తెప్పించుకుంటం, నెల పడ్తది అన్నడు. అందాక జాగ ఖాళీ ఉంచరట. సోమవారం పొద్దుగాల వెబ్‌సైట్ల చూపిస్తే రాసుకుంట, లేకపోతె తర్వాతామెను పిలుస్త అన్నడు." కవరు సర్దుకుని అంది. "నౌకరి పోతె పాయె. క్యాంటీన్ల రొట్టెలు చేసుకుంట. దొంగ సర్టిఫికెట్దని పేరు పడ్తె ఎట్లక్కా?"

ప్రశాంత్ అప్పటికే వెతుకుతున్నాడు. కాసేపటికి చేతులు కీబోర్డు మీంచి తీసేశాడు. "అక్కా, మనం తీసేసిన దాంట్లున్నది."

ఆ కోర్సు చెప్పిన ప్రొఫెసరమ్మ రిటైరయ్యారు, కోర్సు మూతపడింది, పేజీ నాది అనేవాళ్ళు లేరు. నియమం ప్రకారమే పోయింది.

"ఐదు నిమిషాల్ల ఎక్కిస్త మేడమ్," అన్నాడు ప్రశాంత్. "కాపీ ఉంది. ఎవరికి తెలుస్తది?"

"నాకు తెలుస్తది," అన్నారు మేడమ్. "యజమాని లేకుంట ఇదొకటి ఎక్కిస్తే, రేపు పూలు రాలేది గూడ ఎక్కియ్యమంటరు. అప్పుడేం చెప్తవ్?"

ఫోన్ తీసి ఆ కోర్సుకు దగ్గరగా ఉండే శాఖ అధిపతిని అడిగారు. ఆయన గొంతు బయటికి వినిపించింది. ఆ కోర్సు మాది కాదు, దాని మీద రేపు ఏదైనా వస్తే నేను ఆఫీసుల చుట్టూ తిరగలేను అన్నారు. ఆయనది తప్పనలేను. చూడనిదాన్ని నాదని ఎవరు సంతకం పెడతారు?

మేడమ్ ఫోన్ పెట్టేసి తను రాసిన నియమం తీసి మళ్ళీ చదివారు. తర్వాత అన్నారు. "యజమాని లేకపోతె తీసెయ్యాలె అని రాసిన. యజమాని ఊరు ఇడిసిపోతె ఎవరు జూడాలె అనేది రాయలే. పాత కోర్సులకు మన విభాగమే యజమాని. కానీ మనకు తెలిసిందే రాయాలె, ఒక్క మాట ఎక్కువ వద్దు."

రద్దయిన కోర్సు

పాత పేజీని అలాగే పెడితే కొత్త పిల్లలు ప్రవేశాలు ఉన్నాయనుకుని వస్తారు. అందుకే పేజీ నెత్తిన ఒక పట్టీ పెట్టాలనుకున్నాం. ప్రశాంత్ టైపు చేశాడు, "ఇది రద్దయిన కోర్సు." నేను పైకి చదివాను. చిన్న వాక్యం, ఎక్కడా ఆగలేదు. మేడమ్ కూడా సరే అన్నారు.

ముగ్గురికీ బాగానే ఉంది. సునీత మాత్రం ప్రశాంత్ ఫోన్ తీసుకుని చూసి, మళ్ళీ చూసి, వెనక్కి ఇచ్చేసింది.

"రద్దయిందని రాస్తె ఆ సారు నన్ను గూడ రద్దు జేస్తడక్కా."

రద్దయింది కోర్సా, డిప్లొమానా, దాని గుర్తింపా అని బయటివాడికి ఎలా తెలుస్తుంది? ఆఫీసులో మాకు ఆ మాట రోజూ వినిపించేదే. అందుకే అది గుచ్చుకోలేదు. ఆ పేజీతో అవసరం పడ్డ మనిషికి గుచ్చుకుంది. అప్పటినుంచి మా నియమాల్లో ఒక మాట చేరింది. ఏ పేజీ అయినా దాని మీద పని పడ్డ మనిషికి చూపించాకే పైకి ఎక్కాలి. కొత్తగా వచ్చిన అమ్మాయిలు అడిగిన ఎందుకుల్లో ఇదొకటి.

సునీతను పక్కన కూర్చోబెట్టుకునే మళ్ళీ రాశాం. "ఈ కోర్సులో ఇప్పుడు కొత్త ప్రవేశాలు లేవు. గతంలో పూర్తి చేసినవారి డిప్లొమా చెల్లుతుంది." సునీత తల ఊపింది. మేడమ్ రెండో వాక్యం మీద వేలు పెట్టారు. "చెల్లుతది అని చెప్పే అధికారం మనకు లేదు. పరీక్షల కంట్రోలర్ సారు చెప్పాలె."

కంట్రోలర్ గారు ఆ సాయంత్రం ఊళ్ళో లేరు. శనివారం ఒంటిపూట వస్తారన్నారు.

కంట్రోలర్ గారి గది

శనివారం మేడమ్, నేను, సునీత వెళ్ళాం. ఆయన రాజమండ్రి వైపు మనిషి. అందరికీ ఆయనంటే జంకు. కాగితం రెండుసార్లు చదివారు.

"సుధామణిగారూ, బానే ఉంది. రేపు ఎవడో ఇదే డిప్లొమా దొంగది కొట్టించుకుని, మీ పేజీ చూపించి, చూడండి చెల్లుతుందన్నారు అంటే? అప్పుడు నన్నే కదా కోర్టుకు పిలుస్తారు?"

మాకు ఆ ఆలోచన రాలేదు. సునీత కవరును ఒళ్ళో ఇటూ అటూ తిప్పుతోంది. పని అక్కడితో ఆగిపోయిందనుకున్నాను. ఆయన ఆమెను చూసి, "ఆ కాగితం ఇలా ఇవ్వమ్మా," అన్నారు. నంబరు చూసి ఎవరినో పిలిచి రికార్డులో చూడమన్నారు. అది వచ్చేలోపు కలం తీసి మా కాగితం మీద మూడో వాక్యం తనే రాశారు. "ఫలానా వ్యక్తి ఈ డిప్లొమా పొందారో లేదో సరిచూసుకొనుటకు పరీక్షల విభాగమును సంప్రదించవలెను." కింద ఆఫీసు ఫోన్ నంబరు, పనివేళలు వేశారు.

నేను చదివాను. అలవాటు ప్రకారం నోరు ఊరుకోలేదు. "సార్, తెలుసుకోవాలంటే పరీక్షల విభాగానికి ఫోన్ చేయండి అందామా?"

ఆయన కళ్ళజోడు పైనుంచి చూశారు. "ఇది కూడా మీ నియమమేనా అమ్మా?"

"అవును సార్."

"సరే కానీయండి. మీ దెబ్బకు నా తెలుగంతా పోతోంది."

రికార్డులో సునీత పేరు ఉంది, శిక్షణ గంటలతో సహా. ఆయన మూడు వాక్యాల కింద సంతకం పెట్టి ఆమెతో అన్నారు. "సోమవారం ఆ ఫోన్ దగ్గర మనిషిని కూర్చోబెడతాను. వాళ్ళు చేస్తే చెబుతాం."

మా గదికి వచ్చాక ప్రశాంత్ ఆ పేజీని పట్టీతో సహా ఎక్కించాడు. అతన్నీ తీసుకుని వెళ్ళి ఎండ పరీక్ష చేశాం. చౌరస్తాలో బస్సుల మధ్య నిలబడి సునీత తన ఫోన్‌లోనే ఆ పట్టీ చదివింది. అక్షరాలు నల్లగా, స్పష్టంగా ఉన్నాయి.

"కనిపిస్తున్నదా?" అన్నాడు ప్రశాంత్.

"మంచిగ కనిపిస్తున్నది తమ్మీ. ఆ సారు ఏసీలనే కూసుంటడు గని."

సోమవారం

సోమవారం పొద్దున మా ముగ్గురికీ వేరే పని సాగలేదు. మేడమ్ రెండుసార్లు పేజీ తెరిచి చూసుకున్నారు, ఎక్కడికైనా పోతుందేమో అన్నట్టు. పదకొండు దాటాక పరీక్షల విభాగం నుంచి ఒకాయన పైకి ఫోన్ చేసి, ఎవరో అడిగారు, చెప్పాం అని పెట్టేశాడు. అడిగినవాళ్ళు చివరికి ఏం తేల్చారో అతనికీ తెలియదు.

భోజనాల వేళకు సునీత ఫోన్ చేసింది. చుట్టూ పిల్లల గోల వినిపిస్తోంది.

"అక్కా, సారు పేజీ తెర్సిండు. మొత్తం సదివిండు. నంబరుకు ఫోన్ జేసిండు. ప్రింట్ దీసి ఫైల్ల పెట్టుకున్నడు. మొన్న నలుగురి ముంగట అన్నడు గదా, ఇయ్యాల గూడ నలుగురి ముంగటనే, అమ్మా నీ కాగితాలు సరిగనే ఉన్నయి, సంతకం పెట్టు అన్నడు."

"పెట్టినవా?"

"పెట్టిన. ఇప్పుడు వంటింట్ల ఉన్న. ఈడ పప్పుల నీళ్ళే ఎక్కువున్నయక్కా, రేపటికెల్లి జూస్త."

ఫోన్ పెట్టాక మేడమ్‌కు, ప్రశాంత్‌కు చెప్పాను. ప్రశాంత్ లేచి కింద క్యాంటీన్ నుంచి అందరికీ మిర్చి బజ్జీలు తెచ్చాడు. మేడమ్ ఒకటి తిని, చేయి తుడుచుకుని, నియమాల పుస్తకం తెరిచి ఆ పేరాను మార్చడం మొదలుపెట్టారు. యజమాని లేని పేజీని తీసేసేముందు, దాని అవసరం ఇంకా ఎవరికి ఉందో అడగాలి. ఉంటే పాత పేజీల అరలో, పట్టీతో, పేరున్న మనిషి చూపులో ఉంచాలి.

"విభాగం యజమాని అంటె ఎవ్వలూ కాదన్నట్టే," అన్నారు రాస్తూనే. "మనిషి పేరుండాలె. పాత పేజీలు ఎవరు జూస్తరు?"

మరుసటి రోజు ఉదయం అందరికంటే ముందు వెళ్ళి గది తాళం తీశాను. ప్రశాంత్ కాపీ పెట్టిన డిస్కును కంప్యూటర్‌కు తగిలించి, తీసేసిన పేజీల్లో మొదటిది తెరిచాను. కుట్టుపని నేర్పే టీచర్ల కోర్సు, ఎప్పుడో మూసేసింది. మొదటినుంచి చివరిదాకా పైకి చదివాను. దీన్ని చదువుకున్నవాళ్ళు ఇప్పుడు ఎక్కడెక్కడ ఉండి ఉంటారో, ఎవరు ఏ కిటికీ ముందు నిలబడి ఉంటారో అనుకున్నాను. కంట్రోలర్ గారికి చూపించడానికి మూడు వాక్యాల పట్టీ రాసి పెట్టాను. యజమాని అన్న గడిలో నా పేరు టైపు చేశాను. తర్వాత రెండో పేజీ తెరిచాను.